హ్యాండిల్ ఉంది... కారేదీ?

అటక మీద తుప్పుపట్టిన ఇనుప కడ్డీ, ట్రంకుపెట్టెలో చినిగిన ఆర్సీ పుస్తకం, గోడ మీద పెళ్లినాటి ఫొటో... బందరు, గుడివాడ, దివిసీమ లోగిళ్లలో పాతకార్లు ఎక్కువగా ఇలాగే మిగిలాయి. వీటిలో దాచుకోదగ్గవి ఏవి? 'అసలు' కారంటే ఏది?

భోగికి ముందు ఇల్లు దులిపేటప్పుడు అటక మీంచి దిగే సామాన్లలో అదొకటి. రెండుచోట్ల వంగిన ఇనుప కడ్డీ. ఒక చివర అడ్డంగా చిన్న పిన్ను, రెండో చివర పట్టుకోడానికి పిడి. గోనెగుడ్డలో చుట్టి ఉంటుంది. చేతిపంపుదేమో అనుకుంటారు పిల్లలు. పాత ఇనుపసామాను వాడికి వేసేస్తే పోదా అంటారు కోడళ్లు. తాతగారు మాత్రం ససేమిరా అంటారు. దులిపి, మళ్లీ అదే గోనెలో చుట్టి అటకెక్కించేస్తారు.

అది కారు హ్యాండిల్. కారు ఎప్పుడో పోయింది!

సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున మంచు కురిసేవేళ, బ్యాటరీ పడుకున్న అంబాసిడర్ 'సెల్ఫ్' తీసుకోకుండా మూలుగుతుంటే ఈ కడ్డీయే దిక్కు. ముందు బంపరు దగ్గరున్న కన్నంలోంచి దూర్చి, ఇంజనుకి తగిలించి, కిందినుంచి పైకి ఒక్క ఊపున లాగాలి. దానికో పద్ధతుంది. బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల పక్కనే ఉండాలి. పిడిని గుప్పిట బిగించి పట్టుకున్నారో, ఇంజను వెనక్కి తన్నినప్పుడు మణికట్టు విరగడం ఖాయం. పైనుంచి కిందికి బరువు వేసి తొక్కకూడదు కూడా. ఈ పాఠం ఏ డ్రైవింగ్ స్కూల్లోనూ చెప్పరు. ఇంట్లో డ్రైవరు క్లీనరు కుర్రాడికి చెప్పాలి, వాడు ఇంటి పిల్లలకి దొంగచాటుగా నేర్పాలి. ఇప్పుడు అరవై దాటినవాళ్లలో చాలామందికి కారు అంటే మొదట గుర్తొచ్చేది స్టీరింగ్ కాదు, ఈ కడ్డీయే.

క్లబ్బుల లోకం వేరు

పాతకార్ల మీద మోజు ఈనాటిది కాదు. ఇంగ్లండులో మోటారు బళ్ల వేగ పరిమితిని గంటకు 4 మైళ్లనుంచి 14 మైళ్లకు పెంచినప్పుడు, ఆ సంబరంలో 1896 నవంబరు 14న కొందరు లండన్ నుంచి బ్రైటన్ దాకా కార్లు తోలుకెళ్లారు. 1927లో దాన్ని మళ్లీ మొదలుపెట్టారు. 1905కి ముందు తయారైన బళ్లకే అందులో చోటు. 1934లో అక్కడే పుట్టిన మరో క్లబ్బు 1919-1930 మధ్య కార్లనే 'వింటేజ్' అనాలని గీత గీసింది. 1966లో ఏర్పడిన అంతర్జాతీయ సమాఖ్య ఫీవా లెక్కలో ముప్ఫై ఏళ్లు దాటి, పాత రూపం చెడకుండా ఉంటే అది చారిత్రక వాహనం. మనదేశంలో స్టేట్స్‌మన్ పత్రిక 1964 నుంచి ఢిల్లీలో, 1968 నుంచి కోల్‌కతాలో పాతకార్ల ర్యాలీలు నడిపింది.

ఇలాంటి క్లబ్బుల్లో కారొక్కటే కాదు, కారుతో వచ్చిన ప్రతి చిన్న వస్తువూ అపురూపమే. కొన్నప్పటి బిల్లు, కంపెనీ ఇచ్చిన పుస్తకం, పానాల సంచి, ఆయిల్ డబ్బా, బానెట్ మీది బొమ్మ, ర్యాలీలో ఇచ్చిన ఇత్తడి బిళ్ల... అన్నీ అద్దాల బీరువాలోకి చేరతాయి. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కి వెళితే నిజాముల పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ కనిపిస్తుంది. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. ఊరేగింపులకే తప్ప బయటకి తియ్యలేదు కాబట్టి అది తిరిగింది కొద్ది వందల మైళ్లే. అలాంటి కారుని కాపాడటం ఒకరకంగా తేలికే. ఎవరూ వాడనిది పాడవదు కదా!

కృష్ణా డెల్టా కార్లకి ఆ అదృష్టం లేదు. అవి ధాన్యం బస్తాలు మోశాయి, పురిటి నొప్పులతో ఉన్నవాళ్లని బందరు పెద్దాసుపత్రికి చేర్చాయి, ఎన్నికల్లో మైకులు కట్టించుకున్నాయి, గుంటల రోడ్ల మీద ఒళ్లు హూనం చేసుకున్నాయి. వాటిని అద్దాల గదిలో ఊహించుకోవడం కూడా కష్టమే.

పడవ దిగి కారెక్కిన సీమ

అసలీ ప్రాంతానికి కారు అలవాటవడమే ఆలస్యంగా జరిగింది. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు పొలాలకి నీళ్లిచ్చాయి, మనుషులకి దారీ ఇచ్చాయి. ధాన్యమైనా, పెళ్లివారైనా పడవల్లోనే. వానాకాలం వస్తే నల్లరేగడి బాటలు మోకాలి లోతు బురద. ఎడ్లబండే కూరుకుపోయే చోట కారుకి పనేముంది? దివిసీమ సంగతి మరీను. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలి ఆ సీమని లంక చేసేసింది. అటు రేపల్లె వైపు దాటాలంటే, పులిగడ్డ-పెనుమూడి వంతెన వచ్చేదాకా నదిలో దిగాల్సిందే.

రోడ్లు పడ్డాక కార్లు వచ్చాయి. వచ్చాయంటే డబ్బు ఉండగానే వచ్చేశాయని కాదు. కలకత్తా పక్కన ఉత్తరపారలో హిందుస్థాన్ మోటార్స్ వారి అంబాసిడర్, బొంబాయిలో ప్రీమియర్ వారి ఫియట్, మద్రాసులో స్టాండర్డ్ వారి హెరాల్డ్... 1960లలో దేశం మొత్తానికి ఈ మూడే దిక్కు. డబ్బు కట్టి, రసీదు తీసుకుని, ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. ఆ రసీదుని బీరువాలో బంగారంతో పాటు దాచేవారు. కారొచ్చేలోపు పెళ్లీడు పిల్లకి పెళ్లయిపోయి, మనవడు కూడా పుట్టేసిన ఇళ్లున్నాయంటే అది కాస్త పెంచి చెప్పిన మాటే అయినా, పూర్తిగా అబద్ధమూ కాదు.

అందుకే ఊళ్లో ఒకరికి కారుంటే అది ఊరందరిదీ. ఆ రోజుల అంబాసిడర్‌లో గేరు స్టీరింగ్ పక్కనే ఉండేది, ముందుసీటు ఒకటే పొడుగు బల్ల. డ్రైవరు కాక ముందు ఇద్దరు, వెనక నలుగురు, వాళ్ల ఒళ్లో పిల్లలు... లెక్క ఎవరూ పెట్టలేదు. లైటు డిమ్ చెయ్యడానికి కాలితో తొక్కే బొత్తాం ఉండేది. పెళ్లికి బంతిపూల దండలు బానెట్ మీంచి వెనకదాకా కట్టేవారు. గుడివాడ నుంచి పామర్రు మీదుగా పెళ్లికారు పోతుంటే, దారిపొడవునా పిల్లలు వెంటపడేవారు. ఇప్పటికీ ఈ ప్రాంతంలో పాత పెళ్లి ఆల్బం తెరిచి చూడండి. వధూవరుల ఫొటోల తర్వాత తప్పనిసరిగా కారు పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో ఒకటుంటుంది. కారు ఎవరిదైనా సరే.

ఉప్పు తిన్న ఇంజన్లు

దివిసీమలో మాత్రం బండి జ్ఞాపకం పెళ్లితో ఆగదు. 1977 నవంబరు 19. ఉప్పెన సముద్రాన్ని ఊళ్ల మీదికి తెచ్చిపడేసింది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి తీరగ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. మృతుల సంఖ్య పదివేలకు తగ్గదని సర్కారు లెక్కలే చెప్పాయి. అవనిగడ్డ, నాగాయలంక వైపు దారులన్నీ కూలిన చెట్లతో, కళేబరాలతో మూసుకుపోయాయి. ఆ తర్వాతి వారాల్లో అక్కడికి చేరిన జీపూ లారీ చూసినవాళ్లకి అవి బియ్యం, బట్టలు, మందులు తెచ్చిన బళ్లు. బాధితుల కోసం ఎన్టీఆర్, ఏఎన్నార్ సహా సినిమావాళ్లు జోలె పట్టి ఊరూరా తిరిగిందీ అప్పుడే.

ఉప్పునీట మునిగిన బండి గతేంటో మెకానిక్కులకి బాగా తెలుసు. మంచినీళ్లలో మునిగితే ఆరబెట్టి, ఆయిల్ మార్చి లేపొచ్చు. ఉప్పునీళ్లయితే డైనమో, సెల్ఫ్ మోటారు, వైర్లు లోపల్నుంచి తినేస్తాయి. పైకి బాగానే ఉన్న బాడీ ఏడాది తిరిగేసరికి అట్టుముక్కలా రాలిపోతుంది. ఉప్పెన దాకా ఎందుకు? బందరు సముద్రపు గాలే చాలు. తలుపుల అడుగున, మడ్‌గార్డుల లోపల, స్టెప్నీ కింద మొదట పొక్కుతుంది. అందుకే ఈ తీరంలో యాభైఏళ్ల నాటి కారు ఒంటిమీద అసలు రేకు ఎంత, తర్వాత అతికిన రేకు ఎంత అని అడగడం మర్యాద కాదు.

గుండె మార్చుకున్న కార్లు

అతికినవి రేకులొక్కటే కాదు. 1973లో చమురు సంక్షోభం వచ్చి పెట్రోలు ధర చుక్కలనంటింది. గాలనుకి ఇన్ని మైళ్లేనా అని అంతవరకు పట్టించుకోనివాళ్లు కూడా లెక్కలు వెయ్యడం మొదలుపెట్టారు. పెట్రోలు ఇంజను దించేసి డీజిలు ఇంజను ఎక్కించడం మొదలైంది. 1980 ప్రాంతంలో కంపెనీయే డీజిలు అంబాసిడర్ తెచ్చింది కానీ, కొత్తది కొనలేనివాళ్లకి షెడ్డే శరణ్యం. బెజవాడ ఆటోనగర్ అప్పటికే ఎదిగింది. అక్కడ లేత్ మీద తీయలేని భాగం లేదని పేరు. జీపుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఛాసిస్ ఒక కాలానిది, ఇంజను మరో కంపెనీది, గేర్‌బాక్సు లారీది, సీట్లు గుడివాడ కుట్టు షాపువి.

నిజమైన చిక్కు ఇక్కడే వచ్చింది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి యాభై ఏళ్లు దాటిన, సొంతానికి వాడుకునే బళ్లకి ఇవి వర్తిస్తాయి. కొత్తగా రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత మళ్లీ చేయించుకోడానికి 5,000. నంబరులో 'వీఏ' అనే అక్షరాలొస్తాయి. ఇప్పటికే నంబరున్న బండి అయితే దాన్నే ఉంచుకోవచ్చు. ఇది మాత్రం మెచ్చుకోవలసిన వెసులుబాటు, పాతకారు అభిమానికి నంబరే సగం జ్ఞాపకం. రోజూ తిప్పుకోడానికి కుదరదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు, పెట్రోలు పోయించుకోడం లాంటి వాటికే రోడ్డెక్కాలి. ఇంతవరకు బాగానే ఉంది. అసలు షరతు వేరే ఉంది. ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులేవీ జరక్కుండా మొదటి రూపంలోనే ఉండాలి!

ఆ షరతుతో డెల్టా కార్లలో ఎన్ని నిలుస్తాయి? ఇంజను మార్చకపోయి ఉంటే ఆ అంబాసిడర్ 1975లోనే షెడ్డెక్కేది. మార్చారు కాబట్టే ఇంకో ముప్ఫైఏళ్లు బతికింది. బతికించిన పనే ఇప్పుడు దానికి అనర్హత అయింది.

ఈ ముచ్చటకి అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ పామర్రు నుంచి గుడివాడ వెళ్లే దారిలోనే ఉంది. నిమ్మకూరు ఎన్టీఆర్ సొంతూరు. 1982లో పార్టీ పెట్టాక ఆయన రాష్ట్రమంతా తిరిగిన చైతన్యరథం 1940ల నాటి షెవర్లే వ్యాను. పాతబండిని కొని, పైన నిలబడి మాట్లాడేందుకు వేదిక, మైకులు, లోపల పడుకునే ఏర్పాటు చేయించారు. స్టీరింగ్ పట్టింది కొడుకు హరికృష్ణ. ఆయన పుట్టిందీ నిమ్మకూరులోనే. 1983 ఎన్నికల్లో ఎన్టీఆర్ గుడివాడ, తిరుపతి రెండుచోట్లా పోటీచేసి రెండూ గెలిచారు. రాజకీయాలు ఎవరికి నచ్చినా నచ్చకపోయినా, తెలుగునాట పిల్లాడు కూడా గుర్తుపట్టే పాతబండి ఏదంటే అదే. క్లబ్బు నిపుణుడెవరైనా రూలు పుస్తకం పట్టుకుని దాని చుట్టూ తిరిగితే మాత్రం పెదవి విరుస్తాడు. కంపెనీ నుంచి వచ్చిన రూపంలో లేదు కదా! ఆ రూపంలోనే ఉండిపోయి ఉంటే, దాన్ని ఈరోజు ఎవరు తలుచుకునేవారు?

నిబంధనలు రాసినవాళ్లని తప్పుపట్టడానికీ లేదు. మార్పులు ఒప్పుకుంటే ప్రతి పాతజీపూ వింటేజ్ పేరుతో రోడ్డెక్కుతుంది. కానీ కంపెనీ రూపమే చరిత్ర, షెడ్డులో జరిగింది చరిత్ర కాదు అనుకుంటే డెల్టా వాళ్ల వంతుకి మిగిలేది సున్నా.

యాభైకి అటూ ఇటూ

షరతు సంగతి అలా ఉంచినా, యాభైఏళ్లు ఆగడం ఒక పరీక్ష. ఉప్పెన ఏట కొన్న కారుకి 2027లో యాభై నిండుతాయి. 1983 చివర్లో వచ్చిన తొలి మారుతీలకి 2033 దాకా గడువుంది. ఈలోగా అవి చరిత్రా కావు, కొత్తవీ కావు. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ కొనసాగించడానికి ఫీజు 600 ఉండేది. 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. కదలని కారు కోసం అంత కట్టడమెందుకని ఇంట్లో గొడవ. పెరట్లో అది ఆక్రమించిన జాగాలో గది వేస్తే అద్దె వస్తుందన్న లెక్క ఒకటి. తుక్కు కొనేవాడు వాకిట్లోకొచ్చి రేటు చెబుతాడు. చాలా కార్లు అలా ఒక మధ్యాహ్నం వేళ, పెద్దాయన నిద్రపోతున్నప్పుడు వెళ్లిపోయినవే.

కొత్త కష్టం మరోటి. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత బళ్ల రబ్బరు గొట్టాలు, కార్బురేటర్‌లోని వాషర్లు దానికి మెత్తబడతాయి, చిట్లుతాయి. ఎక్కువకాలం కదలకపోతే ట్యాంకులో తేమ చేరుతుంది. చెరకు పండించే ఉయ్యూరు పక్కనే ఉండి చెరకు స్పిరిట్‌ని తిట్టుకోవడం డెల్టా కారు అభిమానికే చెల్లింది! గొట్టాలు కొత్తరకంవి వేయించుకోవడం, నెలల తరబడి ఆపేటప్పుడు ట్యాంకు ఖాళీ చేయడం మంచిది. టైర్ల మీద బరువు పడకుండా ఇటుకల మీదో దిమ్మల మీదో ఎత్తి పెట్టడం, బ్యాటరీ వైరు తీసేయడం పాత పద్ధతే, ఇప్పటికీ పనిచేస్తుంది. టార్పాలిన్ ఒంటికి అంటుకునేలా కప్పితే మాత్రం బందరు గాలిలో తుప్పుని పిలిచినట్టే. గాలాడాలి.

ఫొటోలో నాలుగో మనిషి

ఉత్తరపారలో 2014 మే నెలలో ఫ్యాక్టరీ ఆగిపోయింది. అంబాసిడర్ పేరుని 2017లో ఫ్రాన్సు కంపెనీ పెజో 80 కోట్లకి కొనుక్కుంది. బొంబాయిలో నలుపు-పసుపు పద్మిని టాక్సీ 2023 అక్టోబరు చివర్లో రోడ్డు దిగింది. ఇక కొత్తగా ఆ కార్లు రావు. ఉన్న కాగితాలు, వస్తువులే మిగిలేవి. అవీ ఇంట్లోవాళ్లకి విలువ తెలియక పోతున్నాయి.

ఏవి దాచాలంటే... ఆర్సీ పుస్తకం అన్నిటికన్నా ముందు. చేతులు మారిన పేర్లు, రంగు మార్చిన తేదీ, ఇంజను మార్చినప్పుడు ఆఫీసులో వేయించిన నమోదు, అన్నీ అందులోనే ఉంటాయి. ఇంజను మారిందని సిగ్గుపడి ఆ పేజీ చింపేయకండి, ఆ కారు బతుకంతా ఆ పేజీలోనే ఉంది. నంబరు పలకకి కొత్త రంగు వేయించొద్దు. ఇత్తడి హారన్‌నీ, బిళ్లల్నీ చింతపండు పెట్టి తోమితే మెరుస్తాయి కానీ, చెక్కిన అక్షరాలు అరిగిపోతాయి. మెత్తటి పొడిగుడ్డ చాలు. హ్యాండిల్‌కి పలచగా ఆయిల్ రాసి గోనెలో కాకుండా నూలుగుడ్డలో చుట్టాలి. గోనె తేమని పీల్చుకుంటుంది. షెడ్డువాళ్లు ఇచ్చిన చేతిరాత బిల్లు దొరికితే అదృష్టమే. ఏ ఇంజను ఏ ఏట ఎక్కించారో చెప్పే సాక్ష్యం అదొక్కటే.

ఇంకోటుంది. ఆ పాత ఫొటోల్లో యజమాని, ఆయన భార్య, పిల్లలు, కొంచెం పక్కగా చేతులు కట్టుకుని ఇంకో మనిషి కనిపిస్తాడు. తెల్లటి బట్టలో, ఖాకీయో. డ్రైవరు. కారు ఎప్పుడు వేడెక్కుతుందో, ఏ కాలువ గట్టు మీద ఎంత వేగం పోవాలో, పురిటికేసు అర్ధరాత్రి వస్తే ఎవరి తలుపు కొట్టాలో అతనికే తెలుసు. చలిలో హ్యాండిల్ తిప్పింది అతను, అతని క్లీనరు. యజమానుల మనవలు అమెరికాలో ఉండి ఫొటో స్కాన్ చేయించుకుంటారు. అతని మనవలు ఆటో తోలుతూ ఇదే ఊళ్లో ఉంటారు, వాళ్లింట్లో ఆ ఫొటో ఉండదు. క్లబ్బుల పుస్తకాల్లో కారు పక్కన యజమాని పేరు రాస్తారు, తయారైన సంవత్సరం రాస్తారు. తోలినవాడి పేరు రాసే గడి అసలుండదు.

ఈసారి అటక దులిపినప్పుడు ఆ ఫొటో చేతికొస్తే వెనక్కి తిప్పి చూడండి. ఖాళీగా ఉంటే మెత్తటి పెన్సిలుతో రాసిపెట్టండి. ఊరు, సంవత్సరం, కారు నంబరు, నిలబడినవాళ్ల పేర్లు. నాలుగో మనిషి పేరు మీకు తెలియకపోతే పెద్దవాళ్లు ఉండగానే అడగండి. ఒక కాపీ తీయించి, ఆ మనవడి ఆటో దగ్గరికి తీసుకెళ్లి ఇవ్వండి.